పాత మియాటాకి రంగు కొట్టాలంటే మొత్తం విప్పాలా? అపోహలు - వాస్తవాలు

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోని మా షెడ్డుకి ఏడాదికి మూడు నాలుగు పాత మియాటాలైనా వస్తాయి. మాజ్డా వాళ్ళ రెండు సీట్ల బుల్లి కారు, హెడ్‌లైట్లు కప్ప కళ్ళలా పైకి లేస్తాయి. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మొదట చూపించారు. ఆ మొదటి తరం 1997 దాకా నడిచింది. జపాన్‌లో దీన్నే యూనోస్ రోడ్‌స్టర్ పేరుతో అమ్మారు. అంటే నా ముందుకొచ్చే బండి ఎంత కొత్తదైనా పాతికేళ్ళు దాటిందే. ఓనరు మనవాడైనా, అరబ్బైనా, ఫిలిప్పీనో అయినా దిగగానే అడిగేది ఒకటే: మొత్తం విప్పి కొడతావా, విప్పకుండా టేపు, కాగితాలు కప్పి మాస్కింగ్ వేసి కొడతావా? దీని మీద విని విని విసుగొచ్చిన మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: మొత్తం విప్పి కొడితేనే అసలైన పెయింటు.

అసలు మొత్తం విప్పడమనేదే కుదరదు. ఈ కారులో వెనక చక్రాల మీది క్వార్టర్ ప్యానెళ్ళు, తలుపు కింది సిల్లులు బాడీకి వెల్డింగ్ చేసి ఉంటాయి. బోల్టుల మీద నిలబడినవి ముందు చక్రాల మీది ఫెండర్లు, బానెట్, డిక్కీ మూత, తలుపులు, బంపర్లు, హెడ్‌లైట్ మూతలు. కాబట్టి ఎవరెంత విప్పినా వెనక సగం బండి మీదే కొట్టాలి.

రంగు మారుస్తుంటే బోల్టు మీదున్నవన్నీ తీయాల్సిందే. ఎర్ర కారును నీలం చేశాక తలుపు తెరవగానే లోపల ఎరుపు కనిపిస్తే ఆ పని ఎవరు చేశారో చెప్పుకోలేం. అదే రంగు మళ్ళీ కొడుతున్నాం, తుప్పు లేదు, ప్యానెళ్ళ మధ్య సందులు తిన్నగా ఉన్నాయి అంటే మాత్రం తలుపుల జోలికి నేను వెళ్ళను. కంపెనీ బిగించిన తలుపుని విప్పడం అరగంట పని, మళ్ళీ అదే చోట కూర్చోబెట్టడానికి ఒక పూట పడుతుంది. చెయ్యి తిరగనివాడైతే రెండు రోజులు కుస్తీ పడతాడు.

తీయక తప్పనప్పుడు మా మేస్త్రీ నేర్పిన ఉపాయం ఒకటుంది. కబ్జా అంటే తలుపు తిరిగే మడతబందు. దాని రేకునీ వెనకున్న పిల్లర్‌నీ కలిపి 3 ఎంఎం డ్రిల్ బిట్టుతో ఒక చిన్న రంధ్రం వేస్తాను. తిరిగి బిగించేటప్పుడు అదే బిట్టుని రెండు రంధ్రాల్లోంచి దూర్చి, తర్వాత బోల్టులు బిగిస్తే తలుపు పాత చోటికే వస్తుంది. బిట్టు తీశాక ఆ రంధ్రంలో కాస్త ప్రైమర్ రాసి సీలెంట్ పెట్టాలి. అది మర్చిపోతే తుప్పుకి మనమే తలుపు తీసిపెట్టినట్టు.

అపోహ: మాస్కింగ్ నీట్‌గా వేస్తే ఏదీ విప్పక్కర్లేదు.

ఇది నేనూ నమ్మాను. పని నేర్చుకునే రోజుల్లో విజయవాడ ఆటోనగర్లో ఒక కారు తలుపు హ్యాండిల్ చుట్టూ, అద్దం కింది రబ్బరు బీడింగ్ చుట్టూ టేపు వేసి కొట్టేశాను. చూడ్డానికి అద్దంలా వచ్చింది. నాలుగు నెలలకి ఆ కారు తిరిగొచ్చింది. బీడింగ్ అంచు వెంట పెయింటు పెచ్చులూడి, గోరు పెడితే రిబ్బన్‌లా లేస్తోంది. టేపు వేసిన చోట ఎమరీ పేపర్ అంచు దాకా పోలేదు, కింద పాత మైనం అలాగే ఉంది. పైగా కొత్త పెయింటు రేకు మీద నుంచి రబ్బరు మీదికి వంతెన కట్టింది. నీళ్ళు ఆ వంతెన కిందికే పోతాయి. కడుపు మాడ్చుకుని నా ఖర్చుతో మళ్ళీ కొట్టాను.

అందుకే ప్యానెల్ విప్పినా విప్పకపోయినా దాని మీదున్న సామాను మాత్రం తీస్తాను: హ్యాండిళ్ళు, సైడు అద్దాలు, ఏరియల్, సైడ్ లైట్లు, వెనక లైట్లు, బీడింగులు. మియాటాలో ముందు బంపర్ కూడా తీస్తాను. దాని వెనక ఫెండర్ అంచుకి చెయ్యి దూరాలంటే వేరే దారి లేదు.

అపోహ: పైన చిన్న బుడగే కదా, గీకి లప్పం పెడితే సరిపోతుంది.

వెనక చక్రానికి కాస్త ముందు, సిల్లు చివర బుడగ కనిపిస్తే అది పైన పుట్టింది కాదు. మడతపెట్టే గుడ్డ టాపు మీద పడిన నీళ్ళు సీట్ల వెనకున్న గొట్టాల్లోంచి కిందికి పోవాలి. ఆ గొట్టాలు ఆకులతో, మట్టితో పూడుకుంటే నీళ్ళు సిల్లు లోపలే నిలుస్తాయి. రేకు లోపలి నుంచి తినేస్తుంది. బుడగ కనిపించిందంటే లోపల కథ ఎప్పుడో ముగిసిందని అర్థం. కత్తిరించి కొత్త రేకు వెల్డ్ చేయాలి. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ వైరు తీయండి, ఈ కారులో అది డిక్కీలో ఉంటుంది.

ముందు ఫెండర్ కూడా అంతే. విప్పడానికి వెళ్తే బానెట్ కింద పై వరస బోల్టులు కనిపిస్తాయి, తలుపు తెరిస్తే కబ్జాల దగ్గర ఇంకొకటి, చక్రం వెనక అడుగున మిగతావి. అడుగువే ఇరుగుతాయి. ముందు రోజు రాత్రి నూనె పట్టించి ఉంచుతాను. ఒకసారి అమెరికా నుంచి దిగిన బండికి ఫెండర్ తీస్తే దాని వెనక నుంచి గట్టిపడిన మట్టి, పైన్ సూదులు, ఎండుటాకులు డబ్బా నిండా వచ్చాయి. తుప్పు అనుమానం ఉన్న పాత బండికి ముందు ఫెండర్లు తీయకుండా కొట్టే పెయింటర్‌ని నేనైతే నమ్మను.

అపోహ: విడిగా కొడితే షేడ్ తేడా వస్తుంది.

సాదా ఎరుపు, తెలుపు అయితే ఒకే డబ్బాలో కలిపిన రంగుకి తేడా రాదు. మెటాలిక్ సిల్వర్ అయితే వస్తుంది. ఆ రంగులోని అల్యూమినియం రేణువులు స్ప్రే గన్ ఎంత దూరంలో ఉంది, గాలి ఎంత, పూత ఎంత తడిగా పడింది అన్నదాన్ని బట్టి పడుకుంటాయి. తలుపుని బల్ల మీద పడుకోబెట్టి కొట్టి, బండికి నిలబెట్టి బిగిస్తే పక్క ప్యానెల్‌తో కలవకపోవచ్చు. నా పద్ధతి: అంచులు, లోపలి వైపు విడిగా కొడతాను. ఆరాక బండికి బిగించి, పైభాగం అంతా ఒకేసారి కొడతాను. మాస్కింగ్ పని రెట్టింపు అవుతుంది. అవనీ.

అపోహ: రేకు రేకే, అన్నిటికీ ఒకటే పని.

మియాటా బానెట్ అల్యూమినియం. అయస్కాంతం పెట్టి చూడండి, అంటదు. స్టీలుని రుద్దినట్టు గరుకు డిస్కుతో రుద్దితే తినేస్తుంది. ఒక్కడే ఎత్తితే మూల వంగుతుంది. ఉత్త లోహం బయటపడ్డ చోట ముందు ఎపాక్సీ ప్రైమర్, ఆ తర్వాతే మిగతాది. బంపర్లు ప్లాస్టిక్, వాటికి సాగే గుణం కలిపిన పెయింటు వేయకపోతే బిగించేటప్పుడే చిట్లుతుంది.

అపోహ: ముక్కుకి రుమాలు కడితే చాలు.

చాలదు. రంగు మీద కొట్టే మెరుపు పూత టూకే క్లియర్, దాన్ని గట్టిపరచడానికి కలిపే హార్డనర్‌లోని ఐసోసయనేట్లు అనే రసాయనాలు రుమాలుకి ఆగవు, ఊపిరితిత్తుల్ని పట్టుకుంటే ఆస్తమా తెప్పించగలవు. బయటి నుంచి గాలి అందించే మాస్కు కావాలి.

అపోహ: పెయింటు అయ్యాక బిగించడం చిన్న పని.

పెయింటుకి ముందే ఒకసారి అన్నీ బిగించి చూడాలి. బయట కొన్న డూప్లికేట్ ఫెండర్ అయితే మరీనూ. అప్పుడు గీత పడినా నష్టం లేదు. సందులు చూసేటప్పుడు బండి నాలుగు చక్రాల మీద ఉండాలి. గట్టి పైకప్పు లేని కారు కదా, జాకీ మీద ఉంటే బాడీ కాస్త వంగుతుంది, సందు అబద్ధం చెబుతుంది. డ్రిల్ బిట్టు తోకని సందులో పైనుంచి కిందికి జరుపుతాను. ఎక్కడా ఇరుక్కోకూడదు, ఎక్కడా వదులవకూడదు.

వరస కూడా ముఖ్యం. కదలనిది వెనక క్వార్టర్, కాబట్టి దానికి తలుపుని సరిచేస్తాను, తలుపుకి ఫెండర్‌ని, ఫెండర్లకి బానెట్‌ని. అంచులన్నిటికీ రెండు పొరల టేపు, బోల్టులన్నీ ముందు వేళ్ళతోనే. బానెట్ మొదటిసారి మూసేటప్పుడు మాత్రం టీ తాగి రమ్మని ఓనర్ని బయటికి పంపిస్తాను.