ఆనకట్ట చల్లబరిచిన నది

యూటాలో ఫ్లేమింగ్ గార్జ్ ఆనకట్ట కింద పడవ ఎక్కిన రోజు జూన్ ఎండ మాడ్చేస్తోంది. ఎర్రరాతి కొండలు సెగలు కక్కుతున్నాయి. గ్రీన్ నదిలో చెయ్యి పెడితే మాత్రం నిమిషంలో వేళ్ళు కొంకర్లు పోయాయి. అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టుకునేంత తేట నీళ్ళు. ఆ రాళ్ళ మీద నీడల్లా ట్రౌట్ చేపలు, అన్నీ ఏటికి ఎదురు ముఖం పెట్టి నిలబడి ఉన్నాయి.

లిటిల్ హోల్ దాకా 11 కిలోమీటర్ల ప్రయాణం. పడవ అడుగు చదును, రెండు కొసలూ పైకి వంగి ఉన్నాయి. గైడు మధ్యలో కూర్చుని, ఏటివాలుకు ముఖం పెట్టి తెడ్లు వేస్తున్నాడు. ముందుకు నడుపుతున్నాడనుకున్నాను. కాసేపు గమనిస్తే తెలిసింది, ఆయన పడవను అస్తమానం వెనక్కి లాగుతున్నాడు.

ఆ లాగుడులోనే ఈ చేపల వేట కిటుకంతా ఉంది. ఫ్లై ఫిషింగ్‌లో ఎర అంటే ఈకలు, దారం, స్పాంజి ముక్క చుట్టిన గాలం. దాన్నే ‘ఫ్లై’, అంటే ఈగ అంటారు. దానికి వాసనా లేదు, రుచీ లేదు. చేప దాన్ని పురుగని నమ్మాలంటే అది నిజం పురుగులా కదలాలి. నీటిలో పడ్డ పురుగు ప్రవాహం ఎటు తీసుకుపోతే అటు, అదే వేగంతో పోతుంది. కానీ నది అంతటా ఒకే వేగం ఉండదు. ఒడ్డు పక్కన నెమ్మది, నడుమ ఉరవడి. గాలపు దారం ఈ రెండింటికీ అడ్డంగా పడితే, నడిమి నీరు దాన్ని లాగేస్తుంది. దాంతో ఈగ నీటిని చీల్చుకుంటూ ఈడ్చుకుపోతుంది. ట్రౌట్ ఇక దాని వంక చూడదు. ఒడ్డున నిలబడి వేస్తే దారం మీద ఈ లాగుడు త్వరగానే మొదలవుతుంది. పడవలోనుంచి వేస్తే, ఈగా మనమూ ఒకే వేగంతో పోవచ్చు. పక్కపక్కనే సమంగా నడిచే రెండు రైళ్ళలో ఒకదానిలోంచి చూస్తే రెండోది కదలనట్టే ఉంటుంది కదా, అలాగన్నమాట. గైడు తెడ్లతో చేసేది పడవ వేగాన్ని ఈగ తేలే నీటి వేగానికి సరిపెట్టడమే. అప్పటికీ కాస్త తేడా మిగిలితే, దారాన్ని మణికట్టుతో ఎగువకు విసరమంటాడు. దాన్ని ‘మెండ్’ అంటారు.

"కూర్చోండి, మీరు వాటికి కనిపిస్తున్నారు," అన్నాడోసారి. నీటిలోకి వెళ్ళే కాంతి వంగుతుంది. అందువల్ల చేపకు పైలోకమంతా తలమీద సుమారు 97 డిగ్రీల కోణమున్న గుండ్రటి కిటికీలోంచే కనిపిస్తుంది. మీటరు లోతున ఉన్న చేపకు ఆ కిటికీ వెడల్పు దాదాపు రెండుంబావు మీటర్లు. దాని చుట్టూ నీటి పైపొర అద్దంలా నది అడుగునే చూపిస్తుంది. ఒడ్డున ఎంత వంగి ఉంటే ఆ కిటికీ అంచున అంత నలిగి, చిన్నగా కనిపిస్తాం.

ఆ రోజు నా ఈగ సికాడా రూపంలో ఉంది. మన కీచురాళ్ళలా గోలచేసే ఈ పురుగులు వేసవి మొదట్లో చెట్ల మీంచి నీళ్ళలో రాలతాయి. అలవాటుపడ్డ ట్రౌట్ పైకి తేలి, తొందరేమీ లేకుండా నోరు తెరిచింది. దాన్ని తడిచేతులతోనే పట్టుకోవాలి. పొడిచేయి తగిలితే ఒంటిమీది జిగురుపొర ఊడిపోతుంది, రోగాలు అంటుకుంటాయి. ముఖం ఎదురునీటికి పెట్టి పట్టుకుంటే, మొప్పలు నాలుగుసార్లు ఆడించి జారిపోయింది.

ఈ చేపకు చన్నీళ్ళే ఎందుకు? పది డిగ్రీల నీరు లీటరుకు 11 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ పట్టుకోగలదు. ముప్పై డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. పైగా వేడెక్కినకొద్దీ చేప ఒంటికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. మన గోదావరి, కృష్ణ నీళ్ళలో ట్రౌట్ బతకలేనిది అందుకే. ఎడారిలో పారే గ్రీన్ నదికి ఈ చల్లదనం 1964లో పూర్తయిన ఆనకట్ట వల్ల వచ్చింది. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువు, అందుకే చల్లని నీరు జలాశయం అడుగుకు చేరుతుంది. మొదట్లో ఆ అడుగునీటినే వదిలేవాళ్ళు. అది ట్రౌట్‌కి కూడా మరీ చల్లన, ఎదుగుదల కుంటుపడింది. 1978లో వేర్వేరు లోతుల నుంచి నీరు తీసుకునే ద్వారాలు పెట్టి, వేసవిలో సుమారు 13 డిగ్రీల నీరు వదలడం మొదలుపెట్టారు. ఒండ్రు జలాశయంలోనే దిగిపోతుంది గనుక ఈ తేటదనం కూడా ఆనకట్టదే.

చేప చేతికి చిక్కినప్పుడు నాకు కలిగిన సంతోషం నిజమైనది. దాని వెనకున్న చరిత్ర మాత్రం గుండె బరువెక్కిస్తుంది. ఈ నది అసలు వెచ్చని బురదనది. ఒకప్పుడు దాదాపు ఆరడుగులు పెరిగిన కొలరాడో పైక్‌మిన్నో, హంప్‌బ్యాక్ చబ్, రేజర్‌బ్యాక్ సక్కర్ వంటివి దీని సొంత చేపలు. ట్రౌట్‌కి చోటు చేయాలని 1962 సెప్టెంబరులో నదిలోనూ ఉపనదుల్లోనూ సుమారు 700 కిలోమీటర్ల మేర రోటెనోన్ కలిపారు. మొప్పల ద్వారా ఒంట్లోకి చేరి, కణాలు ఆక్సిజన్ వాడుకోకుండా అడ్డుకునే విషం అది. దిగువనున్న బ్రౌన్స్ పార్క్ లోయ దగ్గర పొటాషియం పర్మాంగనేట్‌తో విరుగుడు చేయబోయారు. పూర్తిగా విరగలేదు, విషం డైనోసార్ నేషనల్ మాన్యుమెంట్ అనే రక్షిత ప్రాంతం లోపలికి పారింది. ఐదేళ్ళకే, 1967లో, పైక్‌మిన్నో అంతరించిపోతున్న జాతుల జాబితాకెక్కింది.

ఆనకట్టకు 105 కిలోమీటర్ల దిగువన యాంపా నది వచ్చి గ్రీన్‌లో కలుస్తుంది. అది దాదాపు స్వేచ్ఛగా పారే నది. మంచు కరిగే రోజుల్లో పొంగుతుంది, వేసవిలో వెచ్చబడుతుంది. మిగిలిన పైక్‌మిన్నోల్లో కొన్ని గుడ్లు పెట్టడానికి ఇప్పటికీ ఆ యాంపా లోయలోకి ఎదురీదుకుంటూ పోతాయి.