మీట నొక్కిన స్వాతి

1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనను అమెరికా అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ మీట నొక్కి ప్రారంభించాడు. నలభై ఏళ్ల తర్వాత, 1933 మే 27 రాత్రి, అదే నగరంలో మరో ప్రపంచ ప్రదర్శన దీపాలు వెలిగించే పని ఒక నక్షత్రానికి అప్పగించారు. పాశ్చాత్యులు దాన్ని ఆర్క్‌ట్యూరస్ అంటారు. మనకు స్వాతి.

స్వాతినే ఎందుకు? అది నలభై కాంతి సంవత్సరాల దూరంలో ఉందని అప్పటి లెక్క. అంటే 1893 ప్రదర్శన నాడు బయలుదేరిన వెలుగే 1933లో షికాగో చేరుతుందన్నమాట! ఈ ఊహ యర్కీస్ వేధశాలను ఏళ్లపాటు నడిపిన ఎడ్విన్ ఫ్రాస్ట్‌ది. అప్పటికే ఆయనకు చూపు పోయింది.

మబ్బు పడితే పరువు పోతుందని నాలుగు వేధశాలలను సిద్ధం చేశారు: యర్కీస్, హార్వర్డ్, అలెఘనీ, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం. యర్కీస్‌లోని 40 అంగుళాల కటకం ఒడిసిపట్టే స్వాతి కాంతి శక్తి ఒక వాట్‌లో కోటో వంతు కూడా ఉండదు. దాంతో బల్బు కాదు కదా, చీమ కూడా వెచ్చబడదు. కానీ ఆ కాంతి ఫొటోసెల్ మీద పడితే లోహం నుంచి ఎలక్ట్రాన్లు ఊడి, లేశమాత్రం విద్యుత్తు పుడుతుంది. దాన్ని వాక్యూమ్ ట్యూబులతో పెంచి టెలిగ్రాఫ్ తీగల మీద షికాగోకు పంపారు. అక్కడ ఆ సంకేతం స్విచ్ కదిలించింది. దీపాలకు కరెంటు ఇచ్చింది మాత్రం మామూలు జనరేటర్లే. గుడిలో హారతి వెలిగించే అగ్గిపుల్ల పాత్ర స్వాతిది.

తీరా చూస్తే లెక్క తప్పింది. నక్షత్ర దూరం కొలవాలంటే, భూమి సూర్యుడి చుట్టూ తిరిగేటప్పుడు అది ఎంత పక్కకు జరిగినట్టు కనిపిస్తుందో చూడాలి. స్వాతి విషయంలో ఆ కోణం, దాదాపు 50 కిలోమీటర్ల దూరంలోని రూపాయి బిళ్ల వెడల్పంత! ఉపగ్రహాలు వచ్చాక తేలిన దూరం సుమారు 36.7 కాంతి సంవత్సరాలు. కాబట్టి ఆ రాత్రి మీట నొక్కిన వెలుగు బయలుదేరింది 1896లో, పాత ప్రదర్శన ముగిసి మూడేళ్లయ్యాక.

1893 ప్రదర్శనను నిజంగా చూసి వచ్చింది వేరే ఉంది. ఆ ఏడాది సందర్శకుల ముందు నిలబెట్టిన ఒక భారీ టెలిస్కోపు గొట్టాన్ని తర్వాత యర్కీస్‌కు తరలించి, 40 అంగుళాల కటకం బిగించారు.