‘ఆపరేషన్ అయిందా?’ అని అడిగే నేలలో 72 గంటల బిళ్ళ

గోదావరి డెల్టా పల్లెల్లో ఇద్దరు ఆడవాళ్ళు కొత్తగా కలుసుకుంటే, పిల్లలెందరని అడిగాక వచ్చే ప్రశ్న ఒకటుంది: “ఆపరేషన్ అయిపోయిందా?” ఏ ఆపరేషనో చెప్పనక్కర్లేదు. అది కాకుండా పిల్లల్ని ఆపే మార్గం ఇంకోటి ఉంటుందన్న ఊహే ఆ ప్రశ్నలో లేదు. కలిసిన తర్వాత మూడు రోజుల్లోపు వేసుకుంటే గర్భం రాకుండా ఆపగలిగే అత్యవసర బిళ్ళ ఒకటుంది. అయినా నిరోధ్ (కండోమ్) చిరిగిన రాత్రి మా ఊళ్ళ జంటలకు దిక్కు తోచకపోవడానికి కారణం ఆ ఊహ లేకపోవడమేనని నా నమ్మకం.

గర్భం భయం ఇక్కడ పాతదే. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం జరిపించారు. ఆ ఉద్యమాన్ని కదిలించిన వాటిలో బాలవితంతువుల రహస్యపు గర్భాలూ, వాటిని పోగొట్టుకోబోయి ప్రాణాలు పోగొట్టుకోవడమూ ఉన్నాయి. నెల తప్పితే పచ్చి బొప్పాయి, నువ్వులు, బెల్లం తినమని చెప్పే పెద్దవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అవి గర్భాన్ని ఆపవు. చెయ్యాల్సిన పనికి ఉన్న సమయం మాత్రం వాటితోనే గడిచిపోతుంది.

ప్రభుత్వం కుటుంబ నియంత్రణను 1952లో మొదలుపెట్టింది. 1965లో గర్భసంచిలో పెట్టే ప్లాస్టిక్ సాధనం, లూప్ వచ్చింది. లెక్కకోసం గబగబా వేసి పంపించారే గానీ, రక్తం ఎక్కువగా పోతుంటే, నొప్పి వస్తుంటే తిరిగి చూసే మనిషి చాలాచోట్ల లేడు. దాంతో లూప్‌కి పడ్డ చెడ్డపేరు తల్లుల నుంచి కూతుళ్ళకు వచ్చింది. ఇప్పుడు వేసేది రాగి తీగ చుట్టిన కాపర్-టీ. వస్తువు మారినా మా వాళ్ళు దాన్ని ఇంకా ‘లూప్’ అనే అంటారు, లూప్‌కి భయపడినట్టే భయపడతారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

1968లో మూడు 15 పైసలకు నిరోధ్ వచ్చింది, గోడల మీద కుటుంబ నియంత్రణ గుర్తయిన ఎర్ర త్రికోణం వెలిసింది. ఆ తర్వాత 1975-77 ఎమర్జెన్సీ. మగవాళ్ళకు బలవంతంగా చేసిన ఆపరేషన్లు ఒక ప్రభుత్వం పడిపోవడానికే కారణమయ్యాయి. అప్పట్నుంచి ఏ పార్టీ వచ్చినా మగవాడి జోలికి పెద్దగా పోలేదు, బరువంతా ఆడదాని కడుపు మీదికి మళ్ళింది. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి పనికిరారని 1994లో మన రాష్ట్రంలో చట్టం చేశారు. 1997లో జనాభా విధానం వచ్చింది. 2024లో జననాలు తగ్గిపోతున్నాయని ఆ పంచాయతీ నిబంధనను ఎత్తేశారు. ఇన్నేళ్ళూ లెక్కపెట్టింది తలలనే. ఆ ఇంట్లో రాత్రి ఏం జరిగింది, తెల్లారాక ఆ పిల్ల ఎవర్ని అడగాలి అన్నది ఏ విధానంలోనూ పెద్దగా కనబడదు.

ఫలితం 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలలో ఇంచుమించు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే, చాలామందికి పాతికేళ్ళు నిండకముందే. నిరోధ్, బిళ్ళలు, కాపర్-టీ వాడేవాళ్ళు ఏదీ నూటికి ఒకరు కూడా లేరు. పెళ్ళికీ ఆపరేషన్‌కీ మధ్య ఉండే ఏళ్ళను జంటలు దేవుడి మీదా, రోజుల లెక్కల మీదా నెట్టుకొస్తాయి. కువైట్ నుంచి రెండు నెలల సెలవుమీద మొగుడొచ్చే కోనసీమ ఇళ్ళలో ఈ సమస్య మరీ ఎక్కువ. రోజూ బిళ్ళ వేసుకునే అలవాటు ఆ ఇంట్లో ఎందుకుంటుంది?

అత్యవసర బిళ్ళ చరిత్ర వేరే దారిలో వచ్చింది. 1974లో కెనడా వైద్యుడు ఆల్బర్ట్ యుజ్పే రెండు హార్మోన్లు కలిపి ఇచ్చే పద్ధతిని ప్రకటించాడు. వాంతులు ఎక్కువ. 1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపిన పరీక్షలో లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోన్ ఒక్కటే దానికంటే బాగా పనిచేస్తుందని తేలింది. రావలసిన గర్భాల్లో మొదటి 24 గంటల్లో వేసుకుంటే 95 శాతం ఆగాయి, రెండోరోజు వేసుకుంటే 85 శాతం, మూడోరోజైతే 58 శాతమే. 72 అన్న అంకె జనం నోళ్ళలో పడిపోయింది గానీ, దాని లోపలున్న ఈ తరుగుదల పడలేదు. మూడు రోజులుందిగా అని ఆగడం ఎంత నష్టమో ఈ మూడు అంకెలూ చెబుతాయి.

మన దేశంలో 2005లో డాక్టరు చీటీ లేకుండా అమ్మే అనుమతి వచ్చింది. 2007లో ఐ-పిల్, అన్‌వాంటెడ్-72 అన్న పేర్లతో ఈ బిళ్ళలు టీవీల్లో కనిపించాయి. అప్పట్నుంచే డెల్టాలో చాలామందికి ఇలాంటిదొకటి ఉందని తెలిసింది. అయితే తెలిసినది సగమే. ఈ బిళ్ళ అండం విడుదలను వెనక్కి నెడుతుంది. వీర్యకణాలు కడుపులో అయిదు రోజుల దాకా బతుకుతాయి, అండం ఒక్క రోజు మించి బతకదు. అండం ఇంకా రాకపోతేనే బిళ్ళ పనిచేస్తుంది. గర్భం అప్పటికే నిలిచి ఉంటే దాన్ని తీసెయ్యదు, దానికి హాని కూడా చెయ్యదు. ఇది తెలియకే నెల తప్పాక మందులషాపుకి వెళ్ళి దీన్నే అడుగుతారు. లేదా కౌంటర్‌లో ఉన్నవాళ్ళు గర్భస్రావం కిట్ చేతిలో పెడతారు. అది డాక్టరు పర్యవేక్షణలో మాత్రమే వాడాల్సిన మందు, రెండూ ఒకటి కావు.

వేసుకున్న రెండు గంటల్లో వాంతయితే మళ్ళీ వేసుకోవాలి. క్షయకు రిఫాంపిసిన్, మూర్ఛకు కొన్ని మందులు వాడేవాళ్ళలో ఇది సరిగా పనిచెయ్యదు, ఒంటి బరువు ఎక్కువైనవాళ్ళలోనూ బలం తగ్గవచ్చు. బిళ్ళ వేసుకున్న తర్వాత మళ్ళీ కలిస్తే దానికి రక్షణ లేదు. ముట్టు వారం దాటి ఆలస్యమైతే మూత్ర పరీక్ష చేసుకోవాలి.

ఇప్పుడు లూప్ దగ్గరికి వద్దాం. కలిసిన అయిదు రోజుల్లోపు కాపర్-టీ వేయించుకుంటే అన్నిటికంటే గట్టిగా పనిచేస్తుంది, నూటికి ఒకటి కూడా విఫలమవదు. ఆపైన పదేళ్ళ దాకా ఉంచుకోవచ్చు. రిఫాంపిసిన్ వేసుకునే ఆమెకైనా, లావుపాటి ఆమెకైనా తేడా ఉండదు. ఇంత మంచి దారి మా ఊళ్ళో ఎవరి నోటా రాదంటే, 1965లో మొదలైన ఆ నిర్లక్ష్యానికి ఇప్పటి ఆడపిల్లలు ఖరీదు కడుతున్నట్టే.

అప్పటికీ గర్భం నిలిస్తే చట్టం ఉంది. గర్భనిరోధక సాధనం విఫలమైతే గర్భం తీయించుకోవచ్చని 1971 గర్భస్రావ చట్టంలోనే ఉంది, కాకపోతే పెళ్ళయినవాళ్ళకే. 2021 సవరణలో ‘వివాహిత, భర్త’ అన్న మాటల బదులు ‘స్త్రీ, ఆమె భాగస్వామి’ అని మార్చారు. ఇరవై వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. ఊళ్ళోని ఆర్ఎంపీ దగ్గరికి చీకట్లో వెళ్ళక్కర్లేదు.

2011 నుంచి ఆశా కార్యకర్తల చేతికి ఈ బిళ్ళలు ఇచ్చి ఇంటికే చేర్చమన్నారు, అప్పట్లో ప్యాకెట్ రెండు రూపాయలు. పురుడు, టీకాల విషయంలో ఆశమ్మను పేరుపెట్టి పిలిచే ఇళ్ళే ఈ మాట మాత్రం అడగలేకపోతున్నాయి. శనివారం రాత్రి జరిగినదానికి మంగళవారం రాత్రికి 72 గంటలు నిండుతాయి. ఆదివారం పొద్దున్నే ఆమె తలుపు తడితే, ఇంకా మొదటి 24 గంటల్లోనే ఉన్నట్టు.