కడుపుతో ఉన్న కోడలి కంచంలో ఇనుము

మహేంద్రతనయ ఒడ్డున ఉన్న పర్లాకిమిడి 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో చేరింది గాని, అక్కడి ఎన్నో ఇళ్లలో వంటింటి మాట ఇప్పటికీ తెలుగే. ఆ వంటిళ్లలో ఉదయం చోడి (రాగి) అంబలి కాగుతుంది, మధ్యాహ్నం కందిపప్పులో కూరగాయ ముక్కలు వేసి ఒడియావారి పద్ధతిలో దాల్మా ఉడుకుతుంది. అలాంటి ఒక ఇంట్లో ఏడో నెల గర్భిణి అయిన కోడలు అందరికీ వడ్డించాక, అడుగున మిగిలిన పప్పుతో అన్నం తిని, ఆశా కార్యకర్త ఇచ్చిన ఎర్రని ఇనుము మాత్రను వేడి టీతో మింగడం నేను దగ్గరనుంచి చూశాను. ఆమె మాత్ర మానలేదు, అన్నమూ మానలేదు. అయినా ఆ పూట ఆమె ఒంటికి పట్టిన ఇనుము చాలా తక్కువ.

గర్భం పెరిగేకొద్దీ తల్లి రక్తంలోని ద్రవభాగం సుమారు 40 నుంచి 50 శాతం పెరుగుతుంది, ఎర్రకణాలు మాత్రం అంత వేగంగా పెరగవు. అందువల్ల రక్తం కొంత పలచబడటం సహజమే. కాని కొత్త ఎర్రకణాలకు, మాయకు, బిడ్డకు, కాన్పులో పోయే రక్తానికి కలిపి ఒక గర్భానికి సుమారు 1000 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. ఇందులో ఎక్కువ భాగం చివరి నెలల్లోనే అవసరపడుతుంది. నిల్వలు తక్కువగా ఉన్న అమ్మాయికి ఆ లోటు ఆయాసంగా, కళ్లు తిరగడంగా, కొందరిలో మట్టి, బియ్యం తినాలనే కోరికగా బయటపడుతుంది. మన దేశపు ఆరోగ్య కార్యక్రమాల్లో గర్భిణికి హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనతగా లెక్కిస్తారు.

ఆకుకూరల్లో, పప్పుల్లో, చోళ్లలో ఇనుము ఉన్నా, పేగు దానిని సులువుగా పీల్చుకోదు. గింజల పైపొరల్లోని ఫైటేట్లు అనే పదార్థాలు దానిని పట్టి ఉంచుతాయి, టీలోని టానిన్లు అనే వగరు పదార్థాలు మరింత గట్టిగా బంధిస్తాయి. భోజనంతోపాటు తాగిన టీ ఆ పూట ఇనుము శోషణను సగానికి పైగా తగ్గించగలదు. దీనికి విరుగుడు కూడా వంటింట్లోనే ఉంది. తోటకూర పప్పు మీద నిమ్మకాయ పిండితే, లేదా భోజనం చివర ఒక జామకాయ తింటే, విటమిన్ సి ఇనుమును పేగు పీల్చుకోగల రూపంలోకి మారుస్తుంది. చేప, మాంసం తినే ఇంట్లో చిన్న ముక్క ఉన్నా దానిలోని ఇనుము సులువుగా పడుతుంది, పక్కనున్న కూరలోని ఇనుమునూ తోడు తీసుకుపోతుంది. పెసలను మొలకెత్తించినా, చోడిపిండిని రాత్రి పులియబెట్టి పొద్దున అంబలి కాచినా ఫైటేట్లు తగ్గుతాయి. పులిసిన అంబలి తాగించిన మన పెద్దవాళ్లకు ఈ రసాయనం పేరు తెలియకపోయినా పని తెలుసు, ఆ సంగతి తలచుకుంటే నాకు వాళ్ల మీద గౌరవం పెరుగుతుంది.

మాత్రల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోంది. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. దానితోపాటు రోజుకు రెండుసార్లు కాల్షియం మాత్ర కూడా ఇస్తారు. ఈ రెండింటినీ ఒకేసారి మింగితే కాల్షియం ఇనుముకు అడ్డుపడుతుంది, అందుకే కాల్షియాన్ని భోజనంతో, ఇనుమును కనీసం రెండు గంటల ఎడంతో వేసుకోవాలి. వికారం పెడితే ఇనుము మాత్రను పడుకునే ముందు వేసుకోవచ్చు. మలం నల్లగా రావడం మాత్ర వల్ల కలిగే మామూలు మార్పు. దాన్ని చూసి బెదిరిన అత్తలు, "ఈ బిళ్లలు వేసుకుంటే పిల్ల నల్లగా పుడుతుందే అమ్మా" అంటారు. బిడ్డ రంగు తల్లిదండ్రుల జన్యువుల నుంచి వస్తుంది, మాత్ర నుంచి కాదు. సికిల్‌సెల్ వ్యాధి ఉన్నవారు మాత్రం ఇనుము మోతాదును వైద్యుల సలహాతోనే నిర్ణయించుకోవాలి.

ఆ మాత్రలోని ఫోలిక్ ఆమ్లం వెనుక ఒక చరిత్ర ఉంది. బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులలో తీవ్రమైన రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్ అనే వైద్యురాలు, ఈస్టు సారం ఇస్తే వారు కోలుకుంటున్నారని 1931లో ప్రకటించారు. ఆ సారంలో మేలు చేసిన పదార్థాన్నే తరువాత ఫోలిక్ ఆమ్లంగా గుర్తించారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల 1945లో దానిని కృత్రిమంగా తయారుచేసింది. గర్భం నిలిచిన 28 రోజులలోపే బిడ్డ వెన్నుపాముగా, మెదడుగా రూపొందే నాడీనాళం మూసుకుపోతుంది, అంటే నెల తప్పిందని తెలిసేనాటికే ఆ పని దాదాపు పూర్తవుతుంది. కాబట్టి బిడ్డ కావాలనుకున్న రోజు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకోవాలి. ఆకుకూరలు, పప్పులు దానికి తోడే తప్ప బదులు కావు.

ఎంత తినాలన్న ప్రశ్నకు ఇళ్లలో రెండు జవాబులు వినిపిస్తాయి. ఇద్దరి తిండి తినాలని కొందరు, ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని కొందరు చెబుతారు. మొదటి మూడు నెలలు వేవిళ్లతో అన్నం వాసనే పడని అమ్మాయికి కొంచెం కొంచెంగా పలుమార్లు పెడితే చాలు. ఆ తరువాత అదనంగా కావలసింది రోజుకు 350 కిలోకాలరీలు. ఒక గరిటె అన్నం, కప్పు పప్పు, గుప్పెడు వేరుశనగ గింజలతో దాదాపు అది తీరిపోతుంది. మాంసకృత్తుల అవసరం మాత్రం చివరి మూడు నెలల్లో రోజుకు 22 గ్రాముల మేర పెరుగుతుంది. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములుంటాయి. ఒడిశా అంగన్‌వాడీలో ఇచ్చే ఛతువా, అంటే గోధుమ, శనగ, వేరుశనగ, చక్కెరలతో చేసిన పిండి, ఈ లోటును కొంత తీరుస్తుంది, అయితే ఆ పొట్లం ఇంటిల్లిపాదికీ పంచకుండా కోడలి గిన్నెలోకే చేరాలి. 100 గ్రాముల చోళ్లలో 350 మిల్లీగ్రాములకు అటూఇటూగా కాల్షియం ఉంటుంది, తెల్లబియ్యంలో దానితో పోలిస్తే లేనట్లే.

దాల్మాలో పచ్చి బొప్పాయి ముక్కలు వేయడం ఒడియావారి అలవాటు, కడుపుతో ఉన్నప్పుడు బొప్పాయి మాటే ఎత్తవద్దనడం మనవాళ్ల అలవాటు. పచ్చికాయ పాలు గర్భాశయ కండరాలను సంకోచింపజేయడం ఎలుకల మీద చేసిన ప్రయోగాలలో కనిపించింది, బాగా పండిన పండుతో అలా జరగలేదు. ఆ కొద్ది నెలలు దాల్మాలోకి బొప్పాయికి బదులు గుమ్మడి, అరటికాయ వేస్తే పొరుగింటి రుచీ నిలుస్తుంది, అత్తగారి మనసూ కుదుటపడుతుంది.

సరిహద్దు వల్ల వచ్చే చిక్కు ఒకటి ఉంది. సరిహద్దుకు అవతల ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న పాతపట్నం వైపు నుంచి వచ్చిన కోడలికి ఒడియాలో ఉన్న ఆరోగ్య కార్డు చదవడం రాదు, తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లినప్పుడు అటువైపు కార్యకర్తకూ ఆ రాత అర్థం కాదు. మాత్రలు అక్కడితో ఆగిపోతాయి. ఏ మాత్ర ఎన్ని రోజులు వేసుకున్నదీ, చివరి పరీక్షలో హిమోగ్లోబిన్ ఎంత ఉన్నదీ ఆశా కార్యకర్త చేత ఒక కాగితం మీద అంకెల్లో రాయించుకుని, మిగిలిన మాత్రల పట్టీలతో సహా సంచిలో పెట్టుకోవాలి. కాన్పు తరువాత పథ్యం పేరుతో ఆకుకూర, పప్పు, నీళ్లు తగ్గించే రోజుల్లోనూ ఆ ఎర్ర మాత్ర మరో 180 రోజులు సాగాలి.