కొలత తీసుకునే చేయి: ఒడిశా సరిహద్దులో దివ్యాంగుల పరికరాల వెనుక కథ

పర్లాకిమిడిలో మా వీధి చివర ఉన్న సైకిల్ దుకాణం ముందు బ్యాటరీతో నడిచే మూడు చక్రాల బండి ఒకటి నాలుగు నెలలుగా కదలకుండా ఉంది. దాని టైర్లు బాగానే ఉన్నాయి, బ్రేకు తీగను దుకాణదారే మార్చాడు. పాడైనది సీటు కింద బ్యాటరీకీ మోటారుకూ మధ్య ఉండే కంట్రోలర్ పెట్టె ఒక్కటే. అది ఈ ఊళ్లో దొరకదు, దొరికినా బిగించడం తెలిసినవారు లేరు. గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు కుటుంబాలకు ఇప్పుడు కొత్త పరికరాలు మునుపటికంటే ఎక్కువగానే అందుతున్నాయి. అందిన పరికరం ఎందుకు మూలపడుతోందో తెలియాలంటే కొంత వెనక్కి వెళ్లాలి.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం, కొరాపుట్ ప్రాంతాలు అందులో కలిశాయి. పాలన మారినా రోగులు వెళ్లే దారి మాత్రం మారలేదు. కాలు తీసేయవలసి వచ్చినంత జబ్బు చేస్తే 1923లో ప్రారంభమైన విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి, కేజీహెచ్‌కే రైలెక్కేవారు, నేటికీ ఎక్కుతున్నారు. పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరిట 1962లో బరంపురంలో వైద్య కళాశాల వచ్చింది. కృత్రిమ అవయవాల తయారీలో శిక్షణ ఇచ్చే సంస్థ కటక్ జిల్లా ఓలట్‌పూర్‌లో 1975లో మొదలైంది, అదే నేటి స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థ. మంచి సంస్థే, కాని మల్కన్‌గిరి మనిషికి అది ఆరు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం.

ఈ ప్రాంతపు అసలు పాఠం కుష్ఠు వ్యాధి నుంచి వచ్చింది. కొరాపుట్ ఘాట్ దిగగానే వచ్చే సాలూరులో, ఆంధ్ర వైపు, ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి ఉంది. కొండ మీది రోగులకు అదే దగ్గర. కుష్ఠులో పాదానికి స్పర్శ పోతుంది. ముల్లు దిగినా, చెప్పులో గులకరాయి చేరినా తెలియదు గనుక అలాగే నడుస్తారు; పుండు పడి, అది ఎముక దాకా పోతుంది. దీనికి విరుగుడుగా దక్షిణాదిలో, ముఖ్యంగా వేలూరు, కరిగిరి వైద్యుల కృషితో, సూక్ష్మ రంధ్రాలున్న మెత్తటి రబ్బరుతో చేసే ఎంసీఆర్ చెప్పులు వాడుకలోకి వచ్చాయి. ఒంటి బరువు ఒకే చోట పడకుండా అరికాలంతటా పరచడమే ఆ రబ్బరు పని. పాదాన్ని కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీసి కొలత తీస్తారు. లోపలికి పొడుచుకొస్తాయని మేకులు కొట్టరు. స్పర్శ లేని కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియదు గనుక మడమ వెనుక పట్టీ తప్పనిసరి. ఇంత ఆలోచించి చేసిన చెప్పును చాలామంది తొడుక్కోలేదు. నల్లటి ఆ చెప్పును చూడగానే ఊరంతా జబ్బును గుర్తుపట్టేది. పరికరం కాలికి సరిపోతే చాలదు, నలుగురిలో నడవనివ్వాలి కూడా. మధుమేహంతో పాదాల స్పర్శ కోల్పోయినవారికీ నేడు ఇదే తరహా చెప్పు కావాలి.

అదే సూక్ష్మ రంధ్రాల రబ్బరు జైపూర్ పాదంలోనూ కనిపిస్తుంది. 1960ల చివర రాజస్థాన్‌లోని జైపూర్ ప్రభుత్వ ఆసుపత్రిలో శస్త్రవైద్యుడు పి.కె. సేఠీ, హస్తకళాకారుడు రామచంద్ర శర్మ కలిసి దాన్ని రూపొందించారు. అప్పటి విదేశీ కృత్రిమ పాదానికి బూటు ఉండాలి, దానితో గొంతుక్కూర్చోవడం కుదరదు, పొలం గట్టు మీద వట్టి కాలితో నడవడమూ కుదరదు. జైపూర్ పాదంలో చీలమండ దగ్గర చెక్క ముక్క, మడమలోనూ ముందు భాగంలోనూ మెత్తటి రబ్బరు దిమ్మెలు పెట్టి, అన్నింటినీ రబ్బరుతో చుట్టి అచ్చులో ఉడికిస్తారు. వేళ్లు కూడా విడివిడిగా కనిపిస్తాయి. బురదలో దిగి నాట్లు వేసేవారికీ, నేల మీద కూర్చుని అన్నం తినేవారికీ అది సరిపోయింది. వైద్యుడి లెక్కతో పాటు పనివాడి చేతి కొలత కూడా కలవడమే ఆ విజయానికి కారణమని నా నమ్మకం.

ఆ కొలతే ప్రభుత్వ పథకాల్లో పలచబడింది. కాన్పూర్‌లో 1972లో ఏర్పడిన అలింకో కర్మాగారం పరికరాలను పెద్ద సంఖ్యలో తయారు చేస్తోంది. 1981లో మొదలైన కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం వాటిని శిబిరాల ద్వారా ఉచితంగానో తక్కువ ధరకో అందిస్తోంది. వృద్ధుల కోసం 2017లో నెల్లూరు జిల్లాలో వయోశ్రీ పథకం మొదలైంది. ఒడిశా ప్రభుత్వం ఒడియా సంత కవి భీమ భోయి పేరిట జరిపే శిబిరాల్లో ధ్రువపత్రం, పరికరం ఒకేచోట ఇచ్చే ఏర్పాటు చేసింది, దానివల్ల పేదలకు తిరుగుడు తగ్గిన మాట నిజం. అయితే శిబిరం ఒక రోజులో ముగుస్తుంది. ఆ తరువాత చక్రం ఊడినా, కృత్రిమ కాలిని తొడుక్కునే గిన్నె ఒరుసుకుని పుండు పడినా ఎవరిని అడగాలో చెప్పేవారు ఉండరు.

చట్టం మాత్రం ముందుకు నడిచింది. దివ్యాంగుల హక్కులపై 1995 చట్టం 7 వైకల్యాలనే గుర్తించగా, 2016 చట్టం 21 రకాలను గుర్తించింది. దేశమంతటా చెల్లే దివ్యాంగుల గుర్తింపు కార్డు, యూడీఐడీ, వచ్చింది. అంతకు ముందు పాతపట్నంలో అత్తవారింటికి వెళ్లిన పర్లాకిమిడి అమ్మాయి, రెండు ఊళ్లూ ఆనుకునే ఉన్నా, ఒడిశా ధ్రువపత్రంతో అక్కడ ఇబ్బంది పడి మళ్లీ పరీక్షలకు నిలబడవలసి వచ్చేది. పింఛను ఇప్పటికీ రాష్ట్రాన్ని బట్టే ఉంటుంది.

కొత్తగా వస్తున్నవాటిలో కొన్ని ఈ పాత లోపాన్ని గుర్తించినట్టే ఉన్నాయి. మద్రాసు ఐఐటీలో పుట్టిన నియోఫ్లై చక్రాల కుర్చీని వాడే మనిషి శరీర కొలతలను బట్టి అమర్చుతారు. దానికి తగిలించే నియోబోల్ట్ మోటారుతో రోడ్డెక్కవచ్చు. అక్కడే రూపొందిన కదం అనే కృత్రిమ మోకాలు 2022లో విడుదలైంది. ఇవి రాయగడ, గుణుపూర్ దాకా వస్తే సంతోషమే. వాటితో పాటు విడిభాగాలూ, జిల్లా కేంద్రంలో మరమ్మతు నేర్చిన ఒక మనిషీ రావాలి. పాత చేతి ట్రైసైకిలు ఏళ్ల తరబడి నడవడానికి కారణం దానికి సైకిల్ గొలుసే, సైకిల్ ట్యూబే సరిపోవడం. ఏ సంతలోనైనా బాగు చేసేవారు దొరికేవారు. మా వీధి దుకాణదారుకు ఎవరైనా వారం రోజులు శిక్షణ ఇచ్చి, చేతిలో నాలుగు కంట్రోలర్లు పెడితే, ఆ బండి యజమాని మళ్లీ తన తమలపాకుల బుట్టతో ఉదయమే బజారుకు చేరుకోగలడు.