రిటైరైన లెక్చరర్ డిటెక్టివ్ నవల రాస్తే: కొన్ని అపోహలు, వాస్తవాలు

ముప్పై ఏళ్లు హైదరాబాద్‌లో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యా, ఇప్పుడు మూడో మిస్టరీ నవల మీదున్నా. వాకింగ్‌లో కలిసినవాళ్లు అనే మాటలే ఇవి.

అపోహ: సబ్జెక్ట్ తెలుసు కాబట్టి సార్‌కి ఈజీ.
వాస్తవం: ఆ సబ్జెక్టే అడ్డం పడుద్ది. క్లాసులో ఏదీ దాచం, డౌట్ రాకముందే చెప్పేస్తాం, ఇక్కడేమో ఆధారాన్ని చదివేవాళ్ల కళ్లముందే పెట్టి దాని మీద చూపు ఆగకుండా చెయ్యాలి. మొదటి నవల్లో సైనైడ్ గురించి నాలుగు పేజీలు రాశా, మా ఆవిడ చదివి "ఇది పాఠమండీ, కథేది?" అంది. అన్నీ కొట్టేసి ఒక్క సంగతి ఉంచుకున్నా. సైనైడ్‌కి చేదు బాదం వాసన ఉంటుంది గానీ అది అందరికీ తెలీదు, కొందరికి పుట్టుకతోనే ఆ వాసన ముక్కుకి అందదు. ఇరానీ హోటల్లో సగం తాగిన కప్పు పట్టుకుని "నాకేం వాసన రాలేదు సార్" అన్న మనిషి నిజం చెప్తున్నాడా లేదా, నవలంతా దాని మీదే నడిచింది.

అపోహ: క్లోరోఫాం గుడ్డ పెట్టగానే మనిషి పడిపోతాడు.
వాస్తవం: సినిమాల్లోనే. నిమిషాలు పడుతుంది, ఈలోపు పెనుగులాడతాడు.

అపోహ: పోలీసు వివరాలు పాత నవలల్లోంచి తీసుకోవచ్చు.
వాస్తవం: 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, హత్య సెక్షన్ 302 కాస్తా 103 అయింది. అదే కథ 1985లో మలక్‌పేటలో జరిగితే 302 అనే రాయాలి, ఎవడి జేబులోనూ సెల్‌ఫోన్ ఉండకూడదు. రెడ్‌హిల్స్ ఫోరెన్సిక్ ల్యాబ్‌కి పంపిన శాంపిల్ రిపోర్ట్ సాయంత్రానికల్లా తెప్పించేయకండి, ఆ ఎదురుచూపులో ఎస్సై ఎవరెవర్ని అనుమానిస్తాడో అదే మీకు మంచి కథ.

అపోహ: చివర్లో ట్విస్ట్ ఉంటే చాలు.
వాస్తవం: నా నోట్‌బుక్‌లో ఎడమ పేజీలో హంతకుడు గంటగంటకీ ఏం చేశాడో రాస్తా, కుడి పేజీలో అది చదివేవాళ్లకి ఎక్కడ కనబడిందో రాస్తా. కుడి పక్క ఖాళీగా ఉంటే చదివేవాళ్లని మోసం చేసినట్టే, ఆ చాప్టర్ మళ్లీ రాయాల్సిందే.

అపోహ: ఈ వయసులో టైంపాస్ కదా.
వాస్తవం: ఈ మాటకి మాత్రం బాధేస్తుంది. కాలేజీ రోజుల్లో కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్న ఒక నవలకి చివరి పేజీలు చిరిగిపోయి ఉన్నాయి, హంతకుడెవరో నేనే తేల్చుకోవాలని మొదటి పేజీ నుంచి పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ మూడుసార్లు చదివా. ఆ పుస్తకం ఇప్పటికీ నా టేబుల్ మీదే ఉంది.