విషం పెట్టిన చేతులు, తిండి పెట్టిన చేతులు

2018 చివరి మూడు నెలల్లో టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఎల్డొరాడో పార్క్‌వే పేరు చెబితే చాలు, జనానికి టెన్షన్. ఆ రోడ్డు పక్కన జాగింగ్ చేసేవాళ్ల మీద, పిల్లల మీద కయోటీలు ఎగబడ్డాయి. ఒక దాడిని మరిచిపోయేలోపే ఇంకోటి. డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడ్డ ఊళ్లలో ఫ్రిస్కో ఒకటి. కార్యసిద్ధి హనుమాన్ గుడి ఉన్నది అక్కడే. ఆరు నెలలు ఉండి వద్దామని గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వెళ్లిన అమ్మానాన్నలకు ఆ ఊళ్లో మొదట నచ్చేది వీధికుక్కలు లేకపోవడం. పొద్దున్నే నిశ్చింతగా నడవొచ్చు. అలాంటి చోట నక్కలు కరుస్తున్నాయంటే ఎలా ఉంటుంది? అదృష్టవంతుణ్ని చూసి నక్కతోక తొక్కి వచ్చాడంటాం మనం. ఆ మూడు నెలలూ ఫ్రిస్కోలో ఆ మాట అనబుద్ధి కాదు.

నక్క అన్నాను గానీ కయోటీ సరిగ్గా మన నక్క కాదు, దానికి దగ్గరి చుట్టం. కుక్కా తోడేలూ ఉన్న కుటుంబంలోదే. పడమటి రాష్ట్రాల్లో పది పదిహేను కిలోలు తూగుతుంది. తూర్పు వైపుది ఇంకాస్త పెద్దది, దాని కారణం తర్వాత చెప్తాను. పేరు మెక్సికో మూలవాసుల నహువాట్ల్ భాషది. మెక్సికో నగరంలో కొయొవకాన్ అనే పేట పేరుకు అర్థమే కయోటీలు ఉండే చోటు అని. శాస్త్రజ్ఞులు 1823లో పెట్టిన లాటిన్ పేరుకేమో మొరిగే కుక్క అని అర్థం. మన కథల్లో జిత్తులమారి నక్క ఎలాగో, పడమటి అమెరికా ఆదివాసుల కథల్లో కయోటీ అలాగ. ఒకసారి మోసం చేస్తుంది, ఇంకోసారి మోసపోతుంది, కొన్ని కథల్లో మనుషులకు నిప్పు తెచ్చిపెడుతుంది.

యూరప్ నుంచి తెల్లవాళ్లు వచ్చేనాటికి ఇది మైదానాల జంతువు, ఎడారుల జంతువు. మిసిసిపీ నదికి తూర్పున ఉన్న దట్టమైన అడవులు తోడేళ్లవి. తోడేలు తన హద్దులోకి వచ్చిన కయోటీని తరుముతుంది, దొరికితే చంపుతుంది. కాబట్టి కయోటీ ఎక్కడిదాకా రావాలో తోడేళ్లే తేల్చేవి. ఆ హద్దును చెరిపేసింది మనుషులు. మసాచుసెట్స్ బే అనే ఇంగ్లిష్ వలస రాజ్యంలో 1630లోనే తోడేలును చంపితే బహుమానం ఇచ్చారు. అక్కడ మొదలైన వేట మూడు వందల ఏళ్లు సాగింది. 1926లో యెల్లోస్టోన్ పార్కులో చివరి తోడేళ్లను కూడా చంపేశారు. దేశంలో చాలా భాగం తోడేలు లేని నేలయింది.

తోడేలు పోయాక గొర్రెల కాపరులకు మిగిలిన శత్రువు కయోటీ. 1915 నుంచి అమెరికా ప్రభుత్వమే డబ్బిచ్చి వేటగాళ్లను పెట్టింది. 1931లో దానికో చట్టం కూడా చేశారు. గుర్రం మాంసం ముక్కల్లో స్ట్రిక్నిన్ అనే విషం కూరి మైదానాల నిండా చల్లారు. తర్వాత థాలియం వచ్చింది, ఆ తర్వాత 1080 అనే అంకె పేరున్న విషం. వాటిని తిని చచ్చినవి కయోటీలు మాత్రమే కాదు. గద్దలు, నక్కలు, పెంపుడు కుక్కలు కూడా. 1972లో అధ్యక్షుడు నిక్సన్ ప్రభుత్వ భూముల్లో ఈ విషాల వాడకాన్ని ఆపేశాడు. చంపడం మాత్రం ఆగలేదు. వైల్డ్‌లైఫ్ సర్వీసెస్ అనే కేంద్ర సంస్థ ఇటీవలి సంవత్సరాల్లో కూడా ఏటా 50 వేలకు పైగా కయోటీలను ఉచ్చులతో, తుపాకులతో, హెలికాప్టర్ల మీంచి కాల్చి చంపుతూనే ఉంది.

మరి తోడేలు అంతరించినట్టు ఇదెందుకు అంతరించలేదు? కాలిఫోర్నియా యూనివర్సిటీవాళ్లు 1975లో ఒక లెక్క కట్టారు. ఒక ప్రాంతంలోని కయోటీల్లో ఏటా నూటికి డెబ్బై చంపినా అవి కోలుకుంటాయి. డెబ్బై ఐదు చంపుకుంటూ పోతే, అదీ ఏ ఏడూ మానకుండా చంపితే, పూర్తిగా పోవడానికి యాభై ఏళ్లకు పైగా పడుతుంది. గుంపులో మామూలుగా పెద్ద జంట ఒక్కటే పిల్లల్ని కంటుంది. ఆ జంటను చంపితే గుంపు చెదిరి, మిగిలినవి తలా ఒక జోడు వెతుక్కుంటాయి. ఖాళీ అయిన నేలలో తిండి దండిగా ఉంటుంది కాబట్టి ఎక్కువ పిల్లలు బతికి బట్టకడతాయి. పక్క ప్రాంతం నుంచి వయసు కుర్రవి వచ్చి చేరతాయి.

ఇటు తోడేలు లేదు, అటు అడవులు కొట్టి పొలాలు చేశారు. అలా 20వ శతాబ్దంలో కయోటీ తూర్పుకు నడిచింది. గ్రేట్ లేక్స్ అనే పెద్ద సరస్సుల దగ్గర మిగిలిన కొద్దిపాటి తోడేళ్లతో జతకట్టింది. తూర్పు కయోటీ పెద్దదిగా ఉండడానికి కారణం ఆ రక్తమే. 1950ల నుంచి దాని విస్తీర్ణం కనీసం 40 శాతం పెరిగిందని 2018లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. ఇప్పుడు అమెరికాలో అది లేని రాష్ట్రం హవాయి ఒక్కటే. దక్షిణాన పనామా దాకా పోయింది. 2006లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఒకదాన్ని పోలీసులు హెలికాప్టర్లతో తరిమి పట్టుకోవాల్సి వచ్చింది. 2007లో షికాగో నడిబొడ్డున ఇంకోటి తలుపు తీసి ఉన్న శాండ్‌విచ్ షాపులోకి నడిచొచ్చి, కూల్‌డ్రింకుల ఫ్రిజ్‌లో సీసాల పక్కన పడుకుంది. ఎవరినీ ఏమీ అనలేదు. వేడికి చల్లగా ఉందనుకుందేమో.

ఊళ్లు దానివైపు నడవడం ఈ కథకు రెండో సగం. ఫ్రిస్కోనే చూడండి. 1990లో అక్కడ ఆరు వేల చిల్లర జనం. 2000 నాటికి 33 వేలు, 2020 నాటికి రెండు లక్షలు దాటారు. మనవాళ్లు ఇల్లు కొనుక్కున్న చాలా వీధులు పాతికేళ్ల కింద గడ్డి మైదానాలు, పశువుల మేత బీళ్లు. వాటి మధ్యన వాగులను అలాగే వదిలి, పక్కన నడకదారులు వేశారు. చెరువులు తవ్వారు, గోల్ఫ్ కోర్సులు పెంచారు. ఎలుకలు, కుందేళ్లు, బాతులు, రాలిన పళ్లు అన్నీ ఉన్నాయి. తుపాకీ మాత్రం లేదు, ఎందుకంటే ఊళ్లో కాల్చకూడదు. కయోటీ అడిగినా ఇంతకంటే మంచి ఏర్పాటు ఎవరూ చేసిపెట్టలేరు.

మనుషుల మీద దాడి అనే మాట దేశమంతా మార్మోగింది 1981 ఆగస్టులో. లాస్ ఏంజలస్ పక్కన గ్లెండేల్‌లో కొండ వాలున ఉన్న ఒక ఇంటి ముందు మూడేళ్ల పాపను కయోటీ ఈడ్చుకెళ్లింది. ఆ పాప చనిపోయింది. అమెరికాలో కయోటీ మనిషిని చంపినట్టు నమోదైంది ఇప్పటికీ ఈ ఒక్కసారే. ఆ తర్వాత ఎనభై రోజుల్లో, ఆ ఇంటికి అర మైలు దూరంలోపలే, 55 కయోటీలను పట్టి చంపారు. అర మైలులో యాభై ఐదు! పల్లెపట్టున అంత చోటికి అన్ని ఉండవు. అంత దట్టంగా అక్కడెందుకు చేరాయన్న ప్రశ్నకు జవాబు వాలు మీద ఇళ్ల చుట్టూనే దొరికింది. చెత్తడబ్బాలు, బయట వదిలిన కుక్కల తిండి, ముచ్చటపడి విసిరిన మాంసం ముక్కలు.

1960 నుంచి 2006 దాకా అమెరికా, కెనడాల్లో నమోదైన 142 దాడులను తర్వాత ఇద్దరు పరిశోధకులు ఏరి చదివారు. దెబ్బతిన్నవాళ్లు 159 మంది. వాటిలో సుమారు ముప్పై శాతం దాడులకు ముందు ఆ చుట్టుపక్కల ఎవరో కయోటీలకు తిండి పెడుతున్నట్టు తేలింది. తెలిసిన లెక్కే అంత. చెప్పకుండా పెట్టినవాళ్ల లెక్క ఎవరు తీస్తారు? అదే అమెరికాలో పెంపుడు కుక్కల కాట్లు ఏటా 45 లక్షల దాకా ఉంటాయని అంచనా. ఆ వార్త ఎవరూ చదవరు, ఎందుకంటే అది వార్త కాదు.

కయోటీ ధైర్యం ఒక్క రోజులో రాదు. కాలిఫోర్నియాలో 1978 నుంచి 2003 దాకా జరిగిన 89 దాడులను పరిశీలించినవాళ్లు దాన్ని మెట్లు మెట్లుగా వర్ణించారు. మొదట రాత్రిపూట వీధుల్లో ఎక్కువగా కనిపిస్తాయి. తర్వాత రాత్రుళ్లు పిల్లులు మాయమవుతాయి. ఆ తర్వాత తెల్లవారుజామున, సాయంత్రం తిరగడం. పట్టపగలు పెంపుడు జంతువులను తరమడం. గొలుసు మనిషి చేతిలో ఉండగానే కుక్క మీద పడడం, జాగింగ్ చేసేవాళ్ల వెంటపడడం. పిల్లలు ఆడుకునే చోట పగలే తచ్చాడడం. చివరి మెట్టు, మధ్యాహ్నం వేళ పెద్దవాళ్ల మీదికే రావడం. పిల్లి పోయిందని వీధిలో పోస్టర్లు కనిపించినప్పుడు ఎవరూ దాన్ని కయోటీ సమస్య అనుకోరు. నాలుగో మెట్టో ఐదో మెట్టో ఎక్కాక నగరపాలక సంస్థకు ఫోన్లు మొదలవుతాయి.

దీనికి నాకు తెలిసిన అతి స్పష్టమైన ఉదాహరణ డాలస్‌దే. 2022 మేలో లేక్ హైలాండ్స్ ప్రాంతంలో రెండేళ్ల బాబు ఇంటి వరండాలో కూర్చుని ఉండగా కయోటీ వచ్చి కరిచింది. బాబు బతికాడు. విచారిస్తే తెలిసిందేమిటంటే, ఆ వీధిలో కొందరు ఆ కయోటీకి చేత్తో తిండి పెట్టారు, వీపు నిమిరారు. మచ్చిక చేశారన్నమాట. మచ్చికైన కుక్కకు ఒక యజమాని ఉంటాడు, అది తప్పు చేస్తే అడగడానికి. మచ్చికైన కయోటీకి ఎవరూ ఉండరు. దాన్ని కాల్చి చంపారు. అదే సంవత్సరం సెప్టెంబరులో పక్కనే ఉన్న ఆర్లింగ్టన్‌లో ఒకే పార్కులో ముగ్గురు పిల్లలను కయోటీ కరిస్తే, అక్కడా అధికారుల అనుమానం తిండి పెట్టేవాళ్ల మీదికే పోయింది.

అన్నీ ఈ లెక్కకు లొంగవు. 2009 అక్టోబరులో కెనడాలోని నోవా స్కోషియాలో, ఒక జాతీయ పార్కు కాలిబాట మీద ఒంటరిగా నడుస్తున్న 19 ఏళ్ల గాయనిని కయోటీలు చంపాయి. అక్కడి కయోటీలకు మనుషుల తిండి అలవాటే లేదని, చిన్న జంతువులు దొరక్క మూస్ అనే పెద్ద జింకలను వేటాడడం నేర్చాయని 2022లో పరిశోధకులు తేల్చారు. పెద్ద జంతువు మీద పడడం అలవాటైన వాటికి మనిషి కూడా అలాగే కనిపించి ఉండాలి.

పెంపుడు జంతువుల విషయానికొస్తే, ఊరును బట్టి సంగతి మారుతుంది. షికాగోలో 2000 నుంచి సాగుతున్న పరిశోధనలో కయోటీలు ఏం తింటున్నాయో తెలియడానికి 1,429 పెంటికలు ఏరి చూశారు. ఎలుకలు, పళ్లు, జింకలు, కుందేళ్లే ఎక్కువ. పిల్లి ఆనవాళ్లు దొరికినవి నూటికి రెండు కూడా లేవు. లాస్ ఏంజలస్‌లో నేషనల్ పార్క్ సర్వీస్ అదే పని చేస్తే, నగరం లోపలి పెంటికల్లో 20 శాతంలో పిల్లి ఉంది. శివార్లలో అది 4 శాతమే. చలి లేని ఊళ్లో పిల్లులు ఏడాదంతా బయట తిరుగుతాయి, దిక్కులేని పిల్లులకు జనం గిన్నెల్లో తిండి పెడతారు. ఆ గిన్నె దగ్గరికి పిల్లీ వస్తుంది, పిల్లి కోసం కయోటీ కూడా వస్తుంది. కుక్కల సంగతి వేరు. వసంతంలో పిల్లలు పెట్టినప్పుడు బొరియ దగ్గరికి వచ్చిన కుక్కను కయోటీ తినడానికి కాదు, తరమడానికి కరుస్తుంది. చిన్న జాతి కుక్కను మాత్రం ఏ కాలంలోనైనా తిండిగానే చూడొచ్చు.

మనవాళ్లు ముందు అడిగేది రేబిస్ గురించి. 1988లో దక్షిణ టెక్సస్ కయోటీల్లో కుక్కల రేబిస్ నిజంగానే పాకింది. 1995 నుంచి విమానాల్లోంచి టీకా మందు కూరిన ఎరలు జల్లి దాన్ని అణిచారు. మూడు తరాల ముందు అదే నేల మీద విషం కూరిన ఎరలు చల్లారు.

చంపితే తరగవు, పట్టి వేరేచోట వదిలితే తిరిగొస్తాయి లేదా దారిలో కార్ల కింద పడతాయి. కాలిఫోర్నియాలో అయితే అలా వదలడానికి చట్టం ఒప్పుకోదు. అందుకని 2009 ప్రాంతంలో డెన్వర్ లాంటి నగరాలు హేజింగ్ అనే పద్ధతిని పట్టుకున్నాయి. దానికి మన దగ్గర చక్కటి మాట ఉంది, అదిలించడం. కనిపించగానే పరుగెత్తకుండా చేతులు పైకెత్తి అరవడం, నాణేలు వేసిన డబ్బా ఆడించడం, పైపుతో నీళ్లు కొట్టడం. పొలం గట్టు మీద పెరిగినవాళ్లకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. చిక్కల్లా ఒక్కటే. వీధిలో పది ఇళ్లవాళ్లు అదిలించి పదకొండో ఇంటాయన కోడి ముక్క వేస్తే, అది పదకొండో ఇంటి పాఠమే నేర్చుకుంటుంది. ఇంకో మాట, రాత్రి ఊళ వినిపించి పది ఉన్నాయని హడలిపోనక్కర్లేదు. రెండు కయోటీలు గొంతులు మార్చి మార్చి ఊళ వేస్తే గుంపులా వినిపిస్తుంది.

శాన్‌ఫ్రాన్సిస్కోలో కయోటీలు 20వ శతాబ్దం మధ్యకల్లా కనుమరుగయ్యాయి. 2002 ప్రాంతంలో మళ్లీ కనిపించాయి. డీఎన్ఏ చూస్తే ఉత్తరం వైపువాటితో కలిసింది, అంటే గోల్డెన్ గేట్ వంతెన మీదుగా నడిచొచ్చి ఉంటాయి. ఇప్పుడు సుమారు వంద ఉంటాయని అంచనా. ఆ నగరం వాటిని దాదాపు ఊరివాళ్లలానే చూసుకుంటుంది. 2024 జూన్ చివర్లో బొటానికల్ గార్డెన్‌లో సమ్మర్ క్యాంపుకు వచ్చిన ఐదేళ్ల పాపను ఒకటి కరిచింది. మర్నాడు అధికారులు ఆ చుట్టుపక్కల మూడు కయోటీలను కాల్చారు. పాప గాయం మీది డీఎన్ఏ వాటిలో ఒక్కదానితోనే సరిపోయింది.